నీవు ఏ తరమువాడవు? – కాలనామము, వంశనామము, విద్యానామము



దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని ఎల్.బి.నగర్ వరకు గల రాజమార్గమున కోచింగ్ సెంటర్లు, విద్యార్థుల హాస్టళ్లు వరుసగా నున్నవి. నల్లగొండ, ఖమ్మము, మహబూబ్‌నగర్ ప్రాంతముల నుండియు, కృష్ణా, గుంటూరు మండలముల నుండియు వచ్చిన యువకులు అచట చదువుకొనుచున్నారు. వారిలో ఎవరినైనను ఏ తరమువారని ప్రశ్నించినచో, "జెన్ జీ" యని తడుముకొనక చెప్పుదురు. ముత్తాత పేరేమని అడిగినచో పెక్కురు మౌనము వహింతురు. ఒక ప్రశ్నకు సమాధానము సిద్ధముగా నుండుట, రెండవదానికి లేకుండుట ఆలోచింపదగిన విషయము. ఎందుకనగా మన పూర్వుల దృష్టిలో ఆ రెండును ఒకే ప్రశ్న.

తరమునకు నామమెట్లు కలుగును? ఆ నామమును ఎవరు పెట్టుదురు? ఒక మనుష్యుడు ఏ తరమునకు చెందినవాడని దేనిని బట్టి నిర్ణయింపవలెను? ఈ మూడు విషయములను లోకచరిత్రను, శాస్త్రమును, మన కాలనీల నడుమనున్న శిలలను సాక్షులుగా గొని విచారింతము.

1. పాశ్చాత్యుల తరనామములు

మొదటి ప్రపంచయుద్ధానంతరము పారిస్ నగరమున నివసించిన గెర్ట్రూడ్ స్టైన్ అను అమెరికా రచయిత్రి, యుద్ధమున యౌవనమును పోగొట్టుకొనిన వారిని ఉద్దేశించి "నష్టతరము" అను అర్థమిచ్చు మాట వాడెను. హెమింగ్వే 1926లో వెలువడిన తన నవల ఆరంభమున ఆ మాటను ఉంచుటచే అది దేశదేశముల వ్యాపించినది. 1951లో టైమ్ పత్రిక తరువాతి వారిని "మౌనతరము" అనెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప అమెరికాలో జననములు అధికమగుటచే 1946 – 1964 నడుమ పుట్టినవారు "బేబీ బూమర్లు" అయిరి. 1991లో డగ్లస్ కూప్‌లాండ్ వ్రాసిన నవల వలన "జెన్ ఎక్స్" అను పేరు స్థిరపడినది. అదే సంవత్సరమున స్ట్రాస్, హోవ్ అను ఇరువురు రచయితలు తమ గ్రంథమున "మిలీనియల్స్" అను పేరును ప్రవేశపెట్టిరి. ఎక్స్ తరువాత వై, వై తరువాత జీ. ఆంగ్లాక్షరములు ముగియగా గ్రీకు అక్షరములు ఆరంభమైనవి. ఆస్ట్రేలియాకు చెందిన మార్క్ మెక్‌క్రిండిల్ "ఆల్ఫా" యని పేరిడెను. 2025 నుండి పుట్టువారిని "బీటా" అనుచున్నాడు.

ఇందు గమనింపవలసిన అంశములు రెండు. మొదటిది, ఈ నామములు సమవయస్కులను ఒకరి ప్రక్క నొకరిని నిలిపి కట్టిన త్రాళ్లు. తండ్రికిని కుమారునికిని నడుమ అవి గీతను గీయును. రెండవది, ఆ గీతలు అమెరికా దేశపు జననసంఖ్యలను, ఆ దేశపు యుద్ధానుభవములను బట్టి గీయబడినవి. 1946లో అచట శిశుజననములు పెరుగుచుండగా, ఇచట నిజాము రాజ్యమున తెలంగాణ సాయుధపోరాటము ఆరంభమగుచుండెను. ఆ ఏట సరూర్‌నగర్ పొలములలో పుట్టిన శిశువునకు "బూమర్" అను పేరు ఏ విధముగను అన్వయింపదు.

జర్మనీలో బోధించిన కార్ల్ మాన్‌హైమ్ అను సమాజశాస్త్రవేత్త 1928లోనే ఈ విషయమును సూక్ష్మముగా విచారించెను. ఒకే సంవత్సరమున పుట్టినంత మాత్రమున ఒక తరము ఏర్పడదు. యౌవనారంభమున ఒకే మహాసంఘటనకు లోనైనవారు మాత్రమే ఒక తరమగుదురు. వారిలోను ఆ సంఘటనను భిన్నముగా గ్రహించినవారు భిన్నవర్గములుగా విడిపోవుదురు అని ఆతని సిద్ధాంతము. 1981 – 1996 నడుమ పుట్టినవారే మిలీనియల్స్ అని హద్దు గీసిన ప్యూ పరిశోధనకేంద్రము సైతము, ఇట్టి పేర్లను ఇకపై ఆచితూచి వాడుదుమని 2023లో ప్రకటించెను. హద్దు గీసినవారికే దానిపై సందేహము కలిగినది.

2. సంవత్సరనామము

తెలుగువారు తరమునకు కాలనామమును ఎట్లు పెట్టిరో చూతము. ప్రభవాదిగా అక్షయాంతముగా అరువది సంవత్సరనామములు మనకు కలవు. బృహస్పతి రాశిచక్రమును ఒకసారి చుట్టుటకు ఇంచుమించు పండ్రెండు సంవత్సరములు పట్టును. అట్టి ఐదు పరిభ్రమణములు అరువదేండ్లు. ఔత్తరాహులు బృహస్పతి గతిని బట్టి నడుమ నడుమ ఒక నామమును లోపింపజేయుదురు. దాక్షిణాత్యులమగు మనము లోపము లేకుండ వరుసగా లెక్కింతుము. కావుననే మనదేశమున ఉత్తరదక్షిణములకు ఒకే ఏట వేర్వేరు నామములు వచ్చును.

జనన ధ్రువపత్రములు లేని కాలమున వయోనిర్ణయమునకు ఈ నామములే ఆధారము. 1832 – 33లో గుంటూరు సీమను నాశనము చేసిన క్షామము "నందన కరువు" అని పేరుపొందినది. 1876లో ఆరంభమై 1878 వరకు దక్షిణాపథమును దహించినది "ధాత కరువు". "ధాత కరువునాటి మనిషి" అనుటతో ఆ వ్యక్తి వయస్సు, పడిన పాటు, బ్రతికి బయటపడిన తీరు సర్వమును తెలియుచుండెను. నందనమనగా ఆనందమును కలిగించునది. ధాతయనగా పోషించువాడు, సృష్టికర్త. నామములు మంగళప్రదములు, కాలము ఘోరము. పంచాంగము ఆ పేర్లను ముందుగనే నిర్ణయించియుంచినది. అనుభవించిన ప్రజలు ఆ పేర్లకు క్రొత్త అర్థము నిచ్చిరి. మాన్‌హైమ్ చెప్పిన తరలక్షణము మన పల్లెప్రజల నోట ఆతనికి పూర్వమే ఈ విధముగా వ్యక్తమైనది.

మన ప్రాంతమునకే వచ్చెదము. చైతన్యపురికి ఉత్తరమున ప్రవహించు మూసీనది 1908 సెప్టెంబరు 28న నగరమును ముంచి వేలకొలది ప్రాణములను హరించెను. పాతతరము హైదరాబాదీయులు దానిని "తుగ్యానీ" అనిరి. వారి వయస్సులకు అది కొలమానమైనది. పంచాంగమున అది కీలకనామ సంవత్సరము. ఆ జలప్రళయము ఫలితముగనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సూచనల మేరకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు నిర్మింపబడినవి. హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమైన 1948 సెప్టెంబరు సర్వధారి నామమునందు వచ్చెను. 1969 ఉద్యమము సౌమ్యనామమునందు ఉధృతమైనది. 2009 నవంబరు 29న ఎల్.బి.నగర్ చౌరస్తాలో కాసోజు శ్రీకాంతాచారి అను యువకుడు రాష్ట్రసాధనకై తన్ను తాను అర్పించుకొని, డిసెంబరు 3న అసువులు బాసెను. అది విరోధినామ సంవత్సరము. 2014 జూన్ 2న రాష్ట్రమేర్పడినది జయనామ సంవత్సరము. ఆనాడు ఈ మార్గపు హాస్టళ్లలో నుండిన విద్యార్థులకు "ఉద్యమతరము" అను పేరు సహజముగా ఏర్పడెను. పరదేశపు అక్షరమేదియు వారికి అవసరము కాలేదు.

ఈ చక్రమునందు మరియొక విశేషము కలదు. ఎల్.బి.నగర్ అనగా లాల్ బహదూర్ నగర్. లాల్ బహదూర్ శాస్త్రి గారు 1966 జనవరి 11న తాష్కెంటులో పరమపదించిరి. అది విశ్వావసునామ సంవత్సరము. 2025 ఉగాదితో మరల విశ్వావసు వచ్చినది. ఆనాడు పుట్టినవారికి అప్పుడు షష్టిపూర్తి. వారి యింట ఆ ఏడు పుట్టిన మనుమనికిని జన్మసంవత్సరము విశ్వావసువే. మెక్‌క్రిండిల్ లెక్కలో ఆ తాత ఎక్స్, ఈ శిశువు బీటా. నడుమ నాలుగు గోడలు. మన లెక్కలో ఇరువురిదియు ఒకే పేరు. అరువది సంవత్సరములనగా ఇంచుమించు రెండు తరములు. కాలనామము తాత యొద్ద బయలుదేరి మనుమని యొద్దకు తిరిగివచ్చును.

3. పాణిని చెప్పిన యువకుడు

తరమునకు సంస్కృతమున ప్రసిద్ధమైన పదము "వంశము". వంశమనగా వెదురు. వెదురునకు కణుపు తరువాత కణుపు పెరుగును. ప్రతి కణుపును క్రింది కణుపుపై నిలిచియుండును. ఒక కణుపును వేరుచేసి దానికి పేరు పెట్టుట ఈ ఉపమానమున ఇమడదు.

క్రీస్తుపూర్వము 5, 4 శతాబ్దుల ప్రాంతమున జీవించిన పాణిని మహర్షి అష్టాధ్యాయి నాల్గవ అధ్యాయమున తరములకు వ్యాకరణరీత్యా పేర్లను విధించెను. ఆ విధానము అత్యంత మనోహరము. మూలపురుషుని కుమారుడు కేవలము అపత్యము. మనుమడు మొదలుకొని వచ్చు సంతతికి "గోత్ర" మని సంజ్ఞ. మునిమనుమడు మొదలైనవాడు, తన వంశమున పెద్దవాడు ఇంకను జీవించియుండగా, "యువ" యని పిలువబడును. గర్గుని కుమారుడు గార్గి, మనుమడు గార్గ్యుడు, పెద్దలు బ్రతికియుండగా మునిమనుమడు గార్గ్యాయణుడు. తండ్రి గతించినను జ్యేష్ఠభ్రాత జీవించియున్నచో తమ్ముడు యువసంజ్ఞకు అర్హుడే యని వేరొక సూత్రము చెప్పుచున్నది.

సాధకులు ఇచట క్షణకాలము నిలిచి ఆలోచింపవలెను. ఈ శాస్త్రమున "యువ" అను సంజ్ఞ పుట్టిన సంవత్సరమును బట్టి రాలేదు. వయస్సును బట్టియు రాలేదు. పైన పెద్దదిక్కు ఒకరు ఊపిరితో నుండుటను బట్టి వచ్చినది. ఇంట పెద్దవాడున్నంతకాలము అరువదేండ్లవాడును యువయే. ఆ పెద్దవాడు కన్నుమూసిన దినమున అతని పేరే మారిపోవును, గార్గ్యాయణుడు గార్గ్యుడగును. కాబట్టి తరనామము జన్మతో ముద్రింపబడిన శాశ్వతచిహ్నము కాదు. పెద్దలు ఉన్నంతవరకు మనము అనుభవించు అనుగ్రహము. వృద్ధులైన తలిదండ్రులు పల్లెలోనుండ, నగరమున ఒంటిగ నివసించుచు తాను పెద్దవాడనైతినని తలంచు గృహస్థునకు, తాను ఇంకను యువకుడనని ఈ వ్యాకరణము గుర్తుచేయుచున్నది.

మన తెలుగుభాషయు తరములకు పేర్లు పెట్టుటలో పేదది కాదు. తాత, ముత్తాత, మనుమడు, మునిమనుమడు. పెండ్లిసంబంధము కలుపుకొనునపుడు "అటు ఏడు తరములు ఇటు ఏడు తరములు" చూడవలెనని మన పెద్దలనుట వినుచునే యున్నాము. ఆ మాట వెనుక ధర్మశాస్త్రము కలదు; దానిని ముందు చూతము.

4. తాత పేరు మనుమనికి

నామకరణమును గూర్చి పతంజలి మహర్షి మహాభాష్యారంభమున యాజ్ఞికుల మతమును ఉదాహరించెను. శిశువునకు పెట్టు పేరు రెండు గాని నాలుగు గాని అక్షరములు కలదిగా నుండవలెనని, తండ్రికి పైనున్న మూడు తరములవారిని స్మరింపజేయవలెనని, శత్రుపక్షమున వాడుకలో నుండరాదని దాని తాత్పర్యము. అనగా వ్యక్తినామమే తరనామమును మోసికొనివచ్చు వాహనము.

ఇది గ్రంథస్థమై నిలిచిపోయిన మాట కాదు. ఎల్.బి.నగర్ చౌరస్తా నుండి రెండు ప్రధానమార్గములు విడిపోవును: ఒకటి నాగార్జునసాగరమునకు, రెండవది విజయవాడకు. ఆ రెండు దిక్కులను మన చరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది.

సాగరమార్గము చివరనున్న విజయపురిని క్రీ.శ. 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకులు పాలించిరి. నాగార్జునకొండ శాసనములను బట్టి వారి క్రమము: చాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల చాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు. మొదటివాని పేరు మూడవవానికి, రెండవవాని పేరు నాల్గవవానికి వచ్చినది. పైగా చాంతమూలుడు వాసిష్ఠీపుత్రుడు, వీరపురుషదత్తుడు మాఠరీపుత్రుడు. తల్లి పుట్టినింటి గోత్రమును పేరునకు ముందు ధరించుట శాతవాహనుల నాటి ఆచారము. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అందరెరిగిన పేర్లే. తండ్రివంక తాత పేరు, తల్లివంక గోత్రము: ఈ రెండింటి కూడలియందు రాజు తన తరమును ప్రకటించుకొనెను.

విజయవాడ దిక్కున, పూర్వపు నల్లగొండ మండలమునందలి తుమ్మలగూడెమున విష్ణుకుండినుల తామ్రశాసనములు లభించినవి. అదియే నాటి ఇంద్రపాలనగరము. వాటిని బట్టి మాధవవర్మ కుమారుడు గోవిందవర్మ, అతని కుమారుడు మరల మాధవవర్మ. అటుపిమ్మట విక్రమేంద్రవర్మ, ఇంద్రభట్టారకవర్మ, మరల విక్రమేంద్రభట్టారకవర్మ. చివరివాని శాసనము శకవర్షము 488, అనగా క్రీ.శ. 566 నాటిది. ఇచటను తాత పేరు మనుమనియందు మరల పలుకుచున్నది.

అంతదూరము పోనక్కరలేదు. దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరమున, చైతన్యపురిలో మూసీతీరమున కొసగుండ్ల నరసింహస్వామి ఆలయము కలదు. అచటి శిలపై బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో చెక్కిన శాసనమొకటి యున్నది. దానిని క్రీ.శ. 5వ శతాబ్ది నాటిదిగా పండితులు నిర్ణయించిరి. అందు గోవిందరాజవిహారమను బౌద్ధవిహారము పేర్కొనబడినది. ఆ గోవిందరాజు విష్ణుకుండిన గోవిందవర్మయే యని గుర్తించిరి. చార్మినారు కట్టుటకు వేయిసంవత్సరములకు పూర్వమే ఈ ఒడ్డున ఒక రాజు పేరు రాతిపై నిలిచెను. నేడు ఆ ప్రక్కనే అపార్ట్‌మెంట్లలో నివసించువారిలో దానిని దర్శించినవారెందరో!

కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయస్వామి ఆలయమును 12వ శతాబ్దిలో కాకతీయ ద్వితీయ ప్రోలరాజు కట్టించెనని స్థలపురాణము. ఆ ప్రోలరాజు వంశక్రమమును పరికింపుడు: మొదటి బేతరాజు, మొదటి ప్రోలరాజు, రెండవ బేతరాజు, రెండవ ప్రోలరాజు. రెండే పేర్లు నాలుగు తరములను మోసినవి. తరువాత రుద్రదేవుడు వచ్చెను. గణపతిదేవునకు పుత్రులు లేకపోగా ఆయన కుమార్తె రుద్రదేవ నామముతోనే సింహాసనమధిష్ఠించి రుద్రమదేవిగా ప్రసిద్ధయయ్యెను. ఆమె దౌహిత్రుడు ప్రతాపరుద్రుడు. పేరు పుత్రుని కొరకు వేచియుండక పుత్రికను వరించినది, ఆమె కుమార్తె కుమారుని యొద్దకు సాగినది.

ఈ ఆచారము రాజులతో ముగియలేదు. నేటికిని మన ఇండ్లలో తాత పేరు మనుమనికి పెట్టుదురు. మామగారి పేరును నోట పలుకని కోడలు, అదే పేరుగల తన బిడ్డను ముద్దుపేరుతో పిలుచుట ఇంటింట చూచినదే. బిడ్డను పేరుపెట్టి కోపగించుటకు సైతము తల్లి సంకోచించును. తాతగారు ఆ పేరులో కూర్చుండియున్నారు.

5. మార్గమే వంశావళి

వ్యక్తులకు వలెనే ఊళ్లకును తరనామములు కలవు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రోరైలు ఆరంభమైనది. మలక్‌పేట మొదలుగా దాని స్టేషన్ల పేర్లను వరుసగా చదువుడు. మలక్‌పేట: కుతుబ్‌షాహీల సేవకుడైన మలిక్ యాకూబ్ పేర వెలసినది. మూసారంబాగ్: నిజాము సేనాని, 1798లో మరణించిన ఫ్రెంచివాడు రేమండ్ పేర ఏర్పడిన తోట, ప్రజలు ఆతనిని మూసారాం అనిరి. దిల్‌సుఖ్‌నగర్: తన పొలములను ఇండ్ల స్థలములుగా విభజించి విక్రయించిన జాగీర్దారు దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ పేర నిలిచినది. చైతన్యపురి స్వాతంత్ర్యానంతర కాలనీ పేరు. విక్టోరియా మెమోరియల్: ఆంగ్ల మహారాణి స్మారకము. ఎల్.బి.నగర్: జై జవాన్, జై కిసాన్ అని నినదించిన ప్రధానమంత్రి స్మృతి.

సుల్తానుల తరము, ఫ్రెంచి సేనానుల తరము, జాగీర్దారుల తరము, ఆంగ్లేయ ప్రాబల్యపు తరము, గణతంత్రపు తరము: ఒక్క ప్రయాణమున ఇన్ని కణుపులు దాటిపోవును. ఏ తరమునకును ముందు తరపు పేరును పూర్తిగా తుడిచివేయ సాధ్యము కాలేదు. ప్రతి ఒక్కటి ప్రక్కన తన పేరును చేర్చుకొని ఊరుకొన్నది.

6. మూడు మెట్లు, ఏడు తరములు

శ్రాద్ధకల్పము తరవిచారమునకు హృదయము. కర్త మువ్వురికి పిండప్రదానము చేయును: పిత, పితామహుడు, ప్రపితామహుడు. వారిని క్రమముగా వసువులుగ, రుద్రులుగ, ఆదిత్యులుగ భావింపవలెనని మనుస్మృతి మొదలగు గ్రంథములు చెప్పుచున్నవి. తల్లి, పితామహి, ప్రపితామహులకును, మాతామహవర్గమునకును ఇట్లే స్మరణ కలదు. ప్రపితామహునకు పైనున్న మువ్వురు లేపభాగులు. అనగా చేతికంటిన అన్నలేశము వారిది. పిండభాగులు మువ్వురు, లేపభాగులు మువ్వురు, కర్త యొకడు, వెరసి ఏడు. "ఏడు తరములు" అను లోకోక్తికి మూలమిదియే. ఏడవతరముతో సాపిండ్యము నివర్తించును; దానికి పైన సమానోదకత్వము, అనగా తర్పణజలము మాత్రమే పంచుకొను సంబంధము. కల్యాణపురమున విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర సాపిండ్యమును తండ్రివంక ఏడు, తల్లివంక ఐదు తరములుగ వివరించెను. 1955 నాటి హిందూవివాహచట్టము దానిని ఐదు, మూడులకు తగ్గించినది.

ఈ వ్యవస్థలో ఎవ్వరును ఒకే మెట్టుపై శాశ్వతముగా నిలువరు. తండ్రి గతించి సపిండీకరణము జరిగిన నాడు, ఆయన వసుస్థానమును పొందును. అంతవరకు వసువైన తాత రుద్రుడగును. రుద్రుడైన ముత్తాత ఆదిత్యుడగును. ఆదిత్యుడైనవాడు లేపభాగులలోనికి జరుగును. ఒక్క మరణముతో అందరి పేర్లును ఒక్కొక మెట్టు పైకి జరుగును. పాణిని బ్రతికియున్నవారి విషయమున చెప్పినదే, శ్రాద్ధకల్పము గతించినవారి విషయమున చెప్పుచున్నది. ఇరువురి మతమునను తరము చలనశీలము, సంబంధాధీనము.

సంకల్పసహితముగా శ్రాద్ధము చేయు ఆచారము అన్ని కుటుంబములందు లేదు. అయినను పితృస్మరణము ఎవరికిని పరాయిది కాదు. భాద్రపద అమావాస్యను తెలంగాణమున "పెత్తరమాస" అందురు. ఆ దినమున సకలజనులును పెద్దల పేర బియ్యమిత్తురు. అదే సాయంకాలము ఎంగిలిపూల బతుకమ్మ ఆరంభమగును. ఉదయము గతించినవారికి, సాయంకాలము బ్రతుకునకు. తరముల సంధిని ఇంత సరళముగా బోధించు పర్వము అరుదు.

7. పేరు తెలియనివాని మాట

ఇచట ఒక న్యాయమైన ప్రశ్న ఉదయించును. మూడు పేర్లు చెప్పలేనివాని గతియేమి? పల్లె విడిచి రెండు తరములైనవారు, కరవులలోను వరదలలోను కుటుంబములను కోల్పోయినవారు, అసలు తలిదండ్రులెవరో ఎరుగనివారు ఏ తరమునకు చెందుదురు? ఈ ప్రశ్న మన మార్గముననే కట్టడమై నిలిచియున్నది. సరూర్‌నగర్‌లోని తన సౌధమును ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 20వ శతాబ్ది ఆరంభమున అనాథబాలుర ఆశ్రమమున కొసగెను. అదియే విక్టోరియా మెమోరియల్ హోమ్. వంశావళి చెప్పలేని ఎందరో బాలురు అచట అక్షరములు దిద్దిరి.

శాస్త్రము వారిని వెలివేయలేదు. గోత్రమెరుగనివారు కాశ్యపగోత్రమును చెప్పుకొనవచ్చునని సంప్రదాయము. కశ్యపప్రజాపతి సకలభూతములకును జనకుడు గదా. పితరుల పేర్లు తెలియనిచో పృథివియందున్నవారని తండ్రిని, అంతరిక్షమందున్నవారని తాతను, ద్యులోకమందున్నవారని ముత్తాతను ఉద్దేశింపవలెనని కల్పసూత్రములు విధించినవి. పేరు మరచినవానికి భూమి, ఆకాశము, స్వర్గము పేర్లుగ లభించినవి.

అంతకు మించినది ఛాందోగ్యోపనిషత్తునందలి సత్యకాముని వృత్తాంతము. బ్రహ్మచర్యమునకు పోగోరిన ఆ బాలుడు తన గోత్రమేదని తల్లియైన జబాలను అడిగెను. పెక్కు ఇండ్ల పరిచర్యలో యౌవనమును గడపిన ఆమె, తనకు తెలియదని నిష్కపటముగా చెప్పి, తన పేరుతోనే జాబాలుడవని చెప్పుకొమ్మనెను. బాలుడు హారిద్రుమత గౌతముని సన్నిధికి పోయి ఉన్నదున్నట్లు నివేదించెను. సత్యము నుండి తొలగనివాడే బ్రాహ్మణుడని తలంచి గురువు ఆతని నుపనయించెను.

ఆ కథ అంతటితో ఆగలేదు. బృహదారణ్యకోపనిషత్తున ఒక విద్యను గురువులు శిష్యులకు అందించిన క్రమము చెప్పబడినపుడు, ఆ వరుసలో సత్యకామ జాబాలుడు ఆచార్యుడై కనబడుచున్నాడు. గోత్రమును చెప్పలేకపోయిన బాలుని పేరును ఇతరులు తమ పరంపరగా చెప్పుకొనిరి! వైయాకరణులు వంశము రెండు విధములనిరి: జన్మచేత కలుగునది, విద్యచేత కలుగునది. అదే ఉపనిషత్తు చివరనున్న గురుపరంపరలో ఆచార్యులు పౌతిమాషీపుత్రుడు, కాత్యాయనీపుత్రుడు అని తల్లుల పేర్లతో స్మరింపబడిరి. జాబాలుని విషయమున జరిగినది వింత కాదని, విద్యావంశమున తల్లిపేరు గౌరవచిహ్నమని అది నిరూపించుచున్నది.

8. నిర్ణయము

ఇంతవరకు జరిగిన విచారమును బట్టి మనుష్యునకు మూడు తరములు కలవు. కాలము వలన వచ్చునది యొకటి: ఏ సంవత్సరమున పుట్టెను, ఏ మహాసంఘటనను పంచుకొనెను అనునది. వంశము వలన వచ్చునది రెండవది: ఎవరికి మనుమడు, ఎవరు జీవించియుండగా యువ. విద్య వలన వచ్చునది మూడవది: ఎవరి యొద్ద నేర్చెను, ఎవరికి నేర్పెను. ఆంగ్లాక్షరములతో ఏర్పడిన పేర్లు మొదటిదానిలో ఒక చిన్న భాగమును మాత్రమే తాకుచున్నవి. వాటిని ద్వేషింపనక్కరలేదు; అవియే తన పూర్ణపరిచయమని తలంచినచో నష్టము.

తైత్తిరీయసంహిత చెప్పిన ఋణత్రయమును ఈ దృష్టితో చూచినచో, పితృఋణము వంశతరమునకు, ఋషిఋణము విద్యాతరమునకు సంబంధించినవి. తరమనగా ఎవరికి ఋణపడియున్నామో తెలియుట. ముత్తాత పేరు మరచినవాడు ఋణవిముక్తుడు కాడు. ఋణదాతను మాత్రమే మరచెను.

పరమార్థమున ఆత్మకు తరము లేదు. అది పుట్టినది కాదు, గతించునది కాదు. దానికి తాతయు లేడు, మనుమడును లేడు. కఠోపనిషత్తును, భగవద్గీతయు దీనినే ఉద్ఘోషించుచున్నవి. అయితే ఆ సత్యమును మనకు అందించినది ఎవరు? ఒక కణుపు నుండి మరియొక కణుపునకు అందించుచు వచ్చిన గురువులు, పితరులు. తరాతీతమైన తత్త్వము తరముల ద్వారమునుండియే మనలను చేరినది.

కావున సాధకులకు విన్నపము. పెద్దలు జీవించియుండగనే వారి యొద్ద కూర్చుండి తండ్రివంక మూడు పేర్లు, తల్లివంక మూడు పేర్లు అడిగి వ్రాసికొనుడు. వారు తమ జన్మసంవత్సరమును ఏ కరవుతోనో, ఏ వరదతోనో, ఏ ఉద్యమముతోనో చెప్పినచో దానిని అట్లే వ్రాయుడు. తొలుత అక్షరము నేర్పిన గురువు పేరును దాని క్రింద చేర్చుడు. ఆ పత్రమును ప్రతి పెత్తరమాసనాడు పిల్లలచే ఒకసారి చదివింపుడు.

స్వస్తి. సర్వే జనాః సుఖినో భవంతు.